స్థూలకాయునికి దెబ్బ తగిలితే

తెలుగు మాష్టారికి వైద్యం గొడవ ఎందుకని నవ్వుకోకండి. ఇందులో కొంత కళ్లారా చూసినది, మిగిలినది డాక్టర్లయిన నా పూర్వవిద్యార్థులను అడిగి తెలుసుకొన్నది.

మూడేళ్ల క్రితం, నాతో పనిచేసిన లెక్కల మాష్టారు స్కూటరు మీద వెళుతుండగా రణస్థలం దాటాక లారీ ఒరుసుకొని పోయింది. ఆయన 130 కిలోల మనిషి. కబురందుకొని నేను వెళ్లేసరికి ఒక ఆసుపత్రి వరండాలో, నేలమీద దుప్పటిపై ఉన్నారు. స్ట్రెచరు ఇరుకైనది. మెడపట్టీ చుట్టు రాలేదు. ఎత్తలేకపోయిన ముగ్గురిలో ఒకడు "బావూ, ఈయనకి క్రేను తేవాల" అన్నాడు. చుట్టూ ఉన్నవారు నవ్వారు. మాష్టారికి స్పృహ ఉన్నది. ఆయన కళ్లు మూసుకొన్నారు.

రక్తపోటు బాగానే ఉన్నదని చెప్పారు. చేతికి చాలని పట్టీతో కొలిస్తే అంకె ఉన్నదానికంటె ఎక్కువ చూపుతుందని అప్పటికి నాకు తెలియదు. పట్టీలోని గాలితిత్తి చేతి చుట్టుకొలతలో 80 శాతమైనా చుట్టుకోవాలట. కడుపులో రక్తం పోతున్న మనిషికి ఆ తప్పుడు అంకె ఎంత ప్రమాదమో ఆలోచించండి. వెల్లకిలా పడుకోబెట్టగానే ఆయనకు ఊపిరి అందలేదు. పొట్ట బరువు ఊపిరితిత్తులను నొక్కుతుంది. ప్రాణవాయువు నిల్వ త్వరగా తరిగిపోతుంది. అటువంటివారికి తలా భుజాలూ ఎత్తుగా అమర్చాలి. వెన్నుకు దెబ్బ తగిలిందేమోనన్న అనుమానముంటే ఒంటిని వంచకుండా మంచాన్నే తలవైపు ఎత్తాలి. ఇది ఖరీదైన వైద్యం కాదు, తెలిసి ఉండవలసిన వైద్యం.

"తిని పెంచుకొన్న ఒళ్లే కదా" అనేవారున్నారు. తాగి బండి నడిపి పడినవానికి కట్టు కట్టేముందు తప్పెవరిదని అడుగుతున్నామా? పైగా ఇది ఏ ఒక్కరి సంగతీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలలో 36 శాతం, పురుషులలో 31 శాతం అధిక బరువో స్థూలకాయమో ఉన్నవారే. అందరూ మా మాష్టారంత బరువు ఉండరు. కాని ఉన్నవారికి ప్రమాదం జరగదని ఎవరు చెప్పగలరు? 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి వద్ద రెండు రైళ్లు ఢీకొన్నప్పుడు దెబ్బలు మనిషి బరువు చూసి తగలలేదు.

మనకు ఏమీ లేదని నేననను. 108 వాహనాలు 2005లోనే వచ్చాయి. శ్రీకాకుళంలో రిమ్స్ ఉన్నది. విజయనగరంలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల మొదలైంది. నేను కోరేది చిన్న ఏర్పాట్లే: ప్రతి అత్యవసర విభాగంలో వెడల్పాటి రక్తపోటు పట్టీ, గట్టి స్ట్రెచరు, అది ఎన్ని కిలోలు మోయగలదో దాని మీదనే పెద్ద అక్షరాలలో వ్రాత. ఏ ఆసుపత్రి సి.టి. యంత్రపు బల్ల ఎంత బరువు తట్టుకొంటుందో ముందే తెలిసి ఉండాలి. శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయించి, విశాఖలో "ఈ బల్ల ఆగదు" అనిపించుకొనడం కంటె అది నయం కదా.

వీరఘట్టంలో పుట్టి, రొమ్ము మీద ఏనుగును మోసిన కోడి రామమూర్తి నాయుడు గారి సీమ మనది. ఇక్కడ గాయపడిన మనిషిని నవ్వకుండా ఎత్తడానికి ఆరుగురు దొరకరా?

మా మాష్టారు బ్రతికారు, చేతికర్రతో నడుస్తున్నారు. కాని నాటి నుండి జ్వరమొచ్చినా, చక్కెర పెరిగినా ఆసుపత్రి గడప తొక్కరు. ఎన్నిసార్లు బతిమాలినా "మళ్లీ ఎవరు మోస్తారు మాష్టారూ" అంటారు. కాలి ఎముక అతుక్కొన్నది గాని ఆ నవ్వు చేసిన గాయం మానలేదు.

మోయలేకపోవడం ఏర్పాట్ల లోపం, పడినవాని దోషం కాదు. మీలో వైద్యులెవరైనా ఉంటే నా పొరపాట్లు దిద్దగలరు.

స్వస్తి.