విజ్ఞాన వీథి: లారీకి మాట నేర్పబోయి

గత సంచికలో ఇన్వర్టరు బ్యాటరీల పోషణను గురించి వ్రాసినందుకు మెచ్చుకుంటూనే, "ఎప్పుడూ ఇంటి వస్తువులేనా, రోడ్డు మీది వస్తువుల మాట కూడా వ్రాయరాదా" అని రవాణా విభాగపు సోదరులు కొందరు నిలదీశారు. వారి కోరికకు తగిన విషయమొకటి మొన్నటి శీతకాలపు సెలవులలో ఖరగ్‌పూర్‌లో నాకు దొరికింది.

ఖరగ్‌పూర్ అనగానే చాలమందికి 1072 మీటర్ల పొడవైన ప్లాట్‌ఫారం గుర్తుకు వస్తుంది. 2013లో గోరఖ్‌పూర్, ఆ తరువాత 2023లో హుబ్బళ్ళి ఆ ఖ్యాతిని అందుకున్నప్పటికీ, అక్కడి తెలుగువారి దృష్టిలో ఆ స్థానం నేటికీ ఖరగ్‌పూర్‌దే. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుండి శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి తరలివెళ్ళి, వర్క్‌షాపులోను, యార్డులలోను పనిచేసి అక్కడే స్థిరపడిన కుటుంబాలు మధురకాటీ, నింపురా వంటి పేటలలో ఎన్నో ఉన్నాయి. మా మేనమామగారి కుటుంబం వాటిలో ఒకటి. మావయ్య రైల్వే టెలికమ్యూనికేషన్ శాఖలో పనిచేసి పదవీ విరమణ పొందారు. వారి కుమారుడు, అంటే మా బావ, రెండు లారీలకు యజమాని. రెండూ ఖరగ్‌పూర్ నుండి 16వ నంబరు జాతీయ రహదారి మీద బేల్దా, దాంతన్, బాలేశ్వర్ మీదుగా విశాఖ వైపు సరుకు చేరవేస్తుంటాయి. అక్కడి పాతకాలపు డ్రైవర్లు ఆ రోడ్డును ఇప్పటికీ అరవై నంబరు అనే అంటారు.

రెండు లారీలు ఎప్పుడూ ఒకదాని వెనుక ఒకటి బయలుదేరుతాయి. ఒకనాటి జనవరి వేకువన దాంతన్ దాటిన పిమ్మట దట్టమైన మంచులో ముందు లారీకి టైరు పగిలింది. డ్రైవరు బండిని పూర్తిగా పక్కకు తీయకముందే వెనుక లారీ వచ్చి తాకింది. దైవికంగా ప్రాణాపాయం లేదు. వెనుక బండి క్లీనరు కుర్రవాడికి మాత్రం కాలు విరిగింది. ఆరు నెలలు మంచం మీద ఉన్నాడు. ముందు డ్రైవరు సెల్‌ఫోను చేతిలోకి తీసుకున్నాడట. నంబరు వెతికేలోగానే జరగవలసినది జరిగిపోయింది. ఆనాటి నుండి బావకు ఒకటే చింత: నొక్కగానే వెనుక బండిలో మాట వినబడే సాధనమేదైనా ఉండాలని.

అమెరికాలో చదువుతున్న మావయ్య మనుమడు ఈ సంగతి విని, అక్కడి లారీ డ్రైవర్లు వాడే సి.బి. రేడియోలు రెండు, రెండు ఏరియళ్ళు, ఒక చిన్న మీటరు కొని తెచ్చాడు. సి.బి. అంటే సిటిజన్స్ బ్యాండ్, అనగా సామాన్య పౌరులు పరీక్షలేవీ వ్రాయకుండా వాడుకొనదగిన రేడియో. 27 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో దీనిని 1958లో ఆ దేశంలో అనుమతించారు. 1973లో చమురు సంక్షోభం వచ్చి, మరుసటి సంవత్సరం నుండి వేగాన్ని గంటకు 55 మైళ్ళకు పరిమితం చేసినప్పుడు, డీజిలు ఏ బంకులో ఉన్నదో, పోలీసులు ఎక్కడ కాచి ఉన్నారో ఒకరికొకరు చెప్పుకొనడానికి లారీవారు దీనిని విరివిగా వాడారు. రద్దీ పెరిగి 1977లో చానళ్ళను 23 నుండి 40కి పెంచారు. తొమ్మిదవ చానలు ఆపదకు, పంతొమ్మిదవది లారీవారి ముచ్చట్లకు అన్నది అక్కడి ఆనవాయితీ. ఫోనుకూ దీనికీ ఉన్న తేడా ఇదే. ఫోనులో ఒకరితోనే మాట్లాడగలం; ఇందులో ఒకరు పలికితే ఆ చానలులో చెవి ఒగ్గిన వారందరూ వింటారు.

బావ ఆ సాయంత్రమే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించబోయాడు. మావయ్య ఆపి, సెట్టు వెనుక ఉన్న చీటీని చదవమన్నారు. అది 12 వోల్టుల సెట్టు. అమెరికా లారీలలో విద్యుత్ వ్యవస్థ 12 వోల్టులది. మన భారీ లారీలలో రెండు బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. ఇంజను నడుస్తున్నప్పుడు అది 28 వరకూ పోతుంది. నేరుగా కలిపితే సెట్టు మొదటి నిమిషంలోనే కాలిపోతుంది. "అయితే ఒక్క బ్యాటరీ నుండే తీసుకుంటే సరి" అన్నాడు బావ. లారీలలో టేప్‌రికార్డరుకు చాలమంది చేసే పని అదే. అలా చేస్తే ఒక బ్యాటరీ ఎప్పుడూ ఆకలితోను, రెండవది అజీర్తితోను ఉండి, రెండూ త్వరగా చెడిపోతాయి. 24ను 12కు తగ్గించే కన్వర్టరు పెట్టడమే సరైన మార్గం. ఈ సెట్టు మాట్లాడేటప్పుడు తీసుకునేది రెండు ఆంపియర్ల లోపే గనుక చిన్న కన్వర్టరు చాలు. ఫ్యూజు మాత్రం బ్యాటరీకి దగ్గరగా ఉండాలి. దారిలో తీగ ఎక్కడ ఒరుసుకుని చాసిస్‌కు తగిలినా అగ్నిప్రమాదాన్ని తప్పించేది అదే.

ఇక ఏరియల్. దీని వద్దనే అసలు విద్య ఉన్నది. రేడియో తరంగపు పొడవులో నాల్గవ వంతు ఉన్న కడ్డీ చక్కగా ప్రసారం చేస్తుంది. 27 మెగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం సుమారు 11 మీటర్లు. నాల్గవ వంతు అంటే ఇంచుమించు 2.7 మీటర్లు. మనుమడు తెచ్చిన ఏరియళ్ళలో ఒకటి ఆ పొడవుదే. బావ ఆ కడ్డీని క్యాబిన్ పైకప్పు మీద నిలబెట్టి చూసి మురిసిపోతుండగా మావయ్యకు నిజంగానే కోపం వచ్చింది.

"గేటు దగ్గర పైన ఏముందిరా?" అన్నారు.

విద్యుదీకరించిన రైలుమార్గాన్ని రోడ్డు దాటేచోట, గేటుకు ఇరువైపులా 4.67 మీటర్ల ఎత్తున అడ్డంగా బిగించిన హైట్ గేజ్‌ను మనమంతా చూసే ఉంటాం. దానిని దాటి లోపలికి వెళితే పైన ఉన్నది 25,000 వోల్టుల తీగ. క్యాబిన్ ఎత్తుకు ఈ కడ్డీ కలిస్తే అయిదున్నర మీటర్లకు పోతుంది. వంగే కడ్డీ కనుక గేజ్ దానిని ఆపదు. వంగి, అవతల మళ్ళీ నిటారుగా లేస్తుంది. ఆ తీగకు తగలనక్కరలేదు, తగినంత చేరువకు వచ్చినా చాలు. ఉద్యోగమంతా ఆ తీగల క్రిందనే గడిపిన మనిషి కోపం ఎందుకో అప్పుడు మాకు బోధపడింది. పొడవు కడ్డీని అక్కడే పక్కన పెట్టించారు.

రెండవ ఏరియల్ మీటరు పొడవే. దాని మొదట్లో తీగచుట్ట ఒకటి ఉన్నది. పొడవు తగ్గిన లోటును విద్యుత్పరంగా ఆ చుట్ట పూరిస్తుంది. అయితే పూరించేది లెక్కను మాత్రమే. ప్రసారపు బలం కొంత తగ్గక తప్పదు. ప్రాణం కంటె నాలుగు కిలోమీటర్ల దూరం ఎక్కువా అన్నారు మావయ్య. చదునైన నేల మీద ఈ చిన్న ఏరియల్‌తోనైనా రెండు లారీలు నాలుగైదు కిలోమీటర్ల ఎడంలో మాట్లాడుకొనవచ్చును.

ఇక్కడ మన లారీలకే ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉన్నది. కడ్డీ ఏరియల్‌లో సగమే. మిగిలిన సగం దాని క్రింద ఉండే లోహపు పరపు. అమెరికా లారీ క్యాబిన్ లోహంతో చేసినది కనుక ఆ పని దానంతటదే జరిగిపోతుంది. బావ లారీలలో పాతదాని క్యాబిన్ స్థానిక షెడ్డులో కర్రతో కట్టి పైన రేకు తొడిగినది. ఆ రేకుకూ చాసిస్‌కూ నమ్మదగిన సంబంధమే లేదు. పొడవైన సరుకు రైలులోనూ ఇటువంటిదే చూశానన్నారు మావయ్య. 58 వ్యాగన్ల రైలులో డ్రైవరుకూ, గార్డుకూ నడుమ ఆరువందల మీటర్లకు పైగా దూరముంటుంది. ఆ గార్డునే 2022 నుండి ట్రైన్ మేనేజర్ అంటున్నారు. పూర్వం పచ్చజెండా, దీపం, ఈల, ఇవే వారి భాష. తరువాత చేతికి 5 వాట్ల వాకీటాకీలు, స్టేషనులో 25 వాట్ల సెట్లు వచ్చాయి. వాటి తరంగాలు పొట్టివి కనుక అరమీటరు కడ్డీతోనే పని నడుస్తుంది. అయినా ఇనుప పెట్టె వంటి ఇంజను లోపల నిలబడి మాట్లాడితే మాట సరిగా బయటకు పోదు. కిటికీ వద్దకు వచ్చి మాట్లాడమని కొత్తవారికి చెప్పడమే తన ఉద్యోగంలో సగమైందని నవ్వారు. లారీకి మాత్రం ఏరియల్ మొదలు నుండి చాసిస్ వరకూ వెడల్పాటి రాగి జడను, రంగు గీకి, బోల్టుతో బిగించారు. రంగు మీద బిగిస్తే బిగించనట్లే.

కేబులు కొసన కనెక్టరు అతకడం గంటసేపు పట్టింది. పైవల తీగలో ఒక్క వెంట్రుకంత పోగు లోపలి తీగకు తగిలినా పని చెడుతుంది. కనుక అతికిన తరువాత ఓమ్ మీటరుతో పరీక్షించవలెను. బెంగాలు వానలకు ఆ కనెక్టరులోకి నీరు దిగకుండా టేపు చుట్టవలెను. కేబులును క్యాబిన్ తలుపు సందులో నలగనీయరాదు. సెట్టు పాడైందని వచ్చే ఫిర్యాదులలో ఎన్నో ఈ మూడింటి వద్దనే తేలుతాయట.

ఇప్పుడు శ్రుతి చేయడం. తాడును గోడకు కట్టి ఈవలి కొస ఊపితే, అల గోడ వరకూ వెళ్ళి తిరిగి వస్తుంది కదా. సెట్టు నుండి వెళ్ళిన శక్తి కూడా, ఏరియల్ సరిగా కుదరకపోతే, అలాగే కేబులులో వెనుకకు మళ్ళుతుంది. వెళ్ళే అల, వచ్చే అల కలిసి కేబులులో ఏర్పరచే హెచ్చుతగ్గుల కొలతనే స్థిర తరంగ నిష్పత్తి అంటారు, వాడుకలో ఎస్.డబ్ల్యు.ఆర్. అది 1 అయితే తిరిగి వచ్చేది ఏమీ లేదు. 1.5 అయితే నూటికి నాలుగు పాళ్ళు, 2 అయితే పదకొండు, 3 అయితే ఇరవై అయిదు పాళ్ళు వెనుకకు వస్తాయి. 1.5 లోపు ఉంటే ఆనందం, 2 వరకూ సర్దుకొనవచ్చును. 3 దాటితే మాట్లాడడం ఆపివేయవలెను, లేనిచో ప్రసారపు ట్రాన్సిస్టరుకు ముప్పు.

మీటరును సెట్టుకూ ఏరియల్‌కూ నడుమ కలపాలి. బండిని రేకుల షెడ్డు నుండి, తీగల నుండి దూరంగా ఆరుబయట నిలిపి, తలుపులు మూసి, మనుషులను దూరంగా పంపాలి. అన్నిటికంటె తక్కువ నంబరు చానలులో ఒకసారి, ఎక్కువ నంబరు చానలులో ఒకసారి కొలవాలి. తక్కువ చానలులో నిష్పత్తి హెచ్చుగా ఉంటే కడ్డీ పొట్టిదని అర్థం. కొంచెం పైకి లాగాలి. ఎక్కువ చానలులో హెచ్చుగా ఉంటే పొడవైనదని, కొంచెం దించాలి. జరిపేది మిల్లీమీటర్లలో. రెండు కొసలా సమానంగా వచ్చినప్పుడు నడుమ చానలులో అతి తక్కువ ఉంటుంది. రెండు కొసలా 3 దాటి ఉంటే మాత్రం కడ్డీని ముట్టుకొనరాదు. దోషం రాగి జడలోనో, కనెక్టరులోనో ఉన్నది. వీణ తంత్రులు బిగించేవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

మరునాటి ఉదయం నింపురా వైపు ఖాళీ జాగాలో లారీని నిలిపి, అన్నీ కలిపాము. బావ మైకు చేతిలోకి తీసుకుని మీట నొక్కబోయాడు. మావయ్య దానిని మెల్లగా లాగివేసుకున్నారు.

"నలభయ్యవ చానలు ఎంత?" అని మనుమడిని అడిగారు. 27.405 మెగాహెర్ట్జ్ అన్నాడు వాడు. మావయ్య కాసేపు మాట్లాడలేదు. "ఇది నేను నిన్ననే అడగవలసింది" అన్నారు చివరకు.

విషయమేమంటే, మన దేశంలో 2005లో ప్రభుత్వం ఈ బ్యాండుకు లైసెన్సు నుండి మినహాయింపు ఇచ్చింది. అయితే అది 26.957 నుండి 27.283 మెగాహెర్ట్జ్ వరకే, 5 వాట్లకు లోబడియే. అమెరికా లెక్కలో ఇరవై ఏడవ చానలు 27.275 వద్ద ఉన్నది. ఇరవై ఎనిమిదవది 27.285. అంటే ఆ సెట్టులోని పదమూడు చానళ్ళు మన హద్దుకు ఆవల ఉన్నాయి. మేము వాడబోము అన్నంత మాత్రాన సరిపోదు, వాడగల యంత్రం చేతిలో ఉన్నది కదా. విదేశీ వైర్‌లెస్ పరికరానికి ఇక్కడి ఆమోదం కావాలి. ఏరియల్ విషయంలోనూ నిబంధనలు చూసుకొనవలెను. పోస్టాఫీసులో ఏటేటా రేడియో లైసెన్సు కట్టిన తరం వారు మావయ్య. ఈ విషయంలో వారిది కొంత చాదస్తమని నాకు అనిపించిన మాట నిజం. కాని అదే గాలిలో రైలు నడిపేవారి మాటలు, విమానాల మాటలు, వరదలలో సహాయక బృందాల మాటలు కూడా పోతుంటాయని గుర్తు చేసుకుంటే, హద్దురాళ్ళను పట్టించుకునే మనిషి ఒకరైనా ఇంట్లో ఉండడం మంచిదే అనిపించింది.

బావ ముఖం చిన్నబోయింది. క్లీనరు కుర్రవాడు కుంటుతూనే వచ్చి ఆ ఏరియల్‌ను ఎంతో ముచ్చటగా చూస్తున్నాడు. ఆ దృశ్యం మావయ్యను కూడా కలచివేసి ఉండాలి. ఇంటికి రాగానే కళ్ళజోడు తుడుచుకుని, సెట్టు నమూనా సంఖ్య, దాని శక్తి, చానళ్ళ వివరాలు వ్రాసి, దీనిని ఇరవై ఏడు చానళ్ళకు పరిమితం చేయించి వాడవచ్చునా, లేక మన హద్దులలో తయారై ఆమోదం పొందిన సెట్టు కొనవలెనా అని ఢిల్లీలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగానికి ఉత్తరం సిద్ధం చేశారు. ఆంగ్లంలో రెండు పుటలు, రైల్వే ఉత్తరాల ధోరణిలోనే, పేరాలకు నంబర్లతో.

నేను బయలుదేరే నాటికి రెండు సెట్లూ తువ్వాలులో చుట్టి బీరువా మీద ఉన్నాయి. కన్వర్టరునూ, రాగి జడనూ మాత్రం లారీ నుండి విప్పనివ్వలేదు మావయ్య. లారీల వెనుక కొత్తగా ఎర్రని ప్రతిఫలక పట్టీలు అంటించారు. మంచు రోజులలో రెండు బండ్ల నడుమ అరగంట ఎడం ఉండాలని బావ డ్రైవర్లకు చెప్పాడు. ఆ రాత్రి బండ్లు బయలుదేరినప్పుడు మావయ్య స్వయంగా వీధిలోకి వచ్చి, మొదటి బండి వెళ్ళిన వేళ గడియారంలో చూసుకుని, రెండవ డ్రైవరుకు టీ తెప్పించి కూర్చోబెట్టారు.