మసాలా సరే, టీ ఆకు సంగతేంటి?

హైదరాబాద్ ఇరానీ చాయ్‌లో అల్లం ఉండదు, మిరియం ఉండదు, లవంగం ఉండదు. పాత పద్ధతి వదలని హోటళ్లలో యాలకులు కూడా వేయరు. మూత బిగించిన పాత్రలో సన్నని సెగ మీద డికాషన్ చాలాసేపు దమ్ అవుతుంది. పాలు వేరే గిన్నెలో చిక్కబడే దాకా మరుగుతాయి. రెండూ కలిసేది కప్పులోనే. పాలు ఎక్కువ కావాలనుకున్నవాళ్లు పౌనా అడిగి పోయించుకుంటారు. చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్ ముందు తెల్లారకముందే నిలబడి ఉస్మానియా బిస్కెట్ ముంచుకు తినేవాళ్లు వెతుక్కుంటూ వచ్చేది ఆ డికాషన్ కోసమే. తెలుగు నేల మీద అన్నిటికన్నా పేరున్న చాయ్ మసాలా సాయం లేకుండానే ఆ పేరు తెచ్చుకుంది.

ఇప్పుడు ఏ పట్నంలో ఏ కూడలిలో చూసినా టీ దుకాణాల బోర్డులు పొడుగ్గా ఉంటున్నాయి. అల్లం టీ, యాలకుల టీ, బెల్లం టీ, బాదం టీ, గులాబీ టీ, చాక్లెట్ టీ, కాల్చిన కుండలో పొంగించే తందూరీ చాయ్. ఇన్ని రుచులు రావడం సంతోషించాల్సిన విషయమే. కొత్త రుచి కోసం పది రూపాయలు ఎక్కువ పెట్టే గిరాకీ ఉందంటే వ్యాపారికీ బలమే. అయితే ఆ బోర్డు మీద కనిపించని సంగతి ఒకటుంది. ఇన్ని టీలలో పడుతున్న ఆకు ఏది? అస్సాందా, నీలగిరిదా? ఆకా, డస్టా? దుకాణదారు చెప్పడు, తాగేవారు అడగరు.

మామిడిపండు కొనేటప్పుడు తెలుగువారు ఇలా ఉండరు. బంగినపల్లా, చిన్న రసమా, సువర్ణరేఖా అని అడుగుతారు, ఏ ఊరి తోటదో ఆరా తీస్తారు, తొడిమ దగ్గర వాసన చూస్తారు. రోజుకు మూడు నాలుగుసార్లు గొంతు దిగే టీ విషయంలో మాత్రం ఆ పట్టింపు లేదు. రంగు వచ్చిందా, చిక్కగా ఉందా, ఘాటు తగిలిందా, అంతే. ఈ మూడింటిలో రంగు ఒక్కటే ఆకు నుంచి వస్తుంది. చిక్కదనం పాలది, ఘాటు అల్లానిది.

మసాలా టీ అనాదిగా వస్తున్నదేమీ కాదు. శొంఠి, మిరియాలు కషాయం కాచుకోవడం, పాలలో వేసుకు తాగడం పాత అలవాటే. అందులోకి టీ పొడి వచ్చి చేరింది ఇరవయ్యో శతాబ్దంలో. 1903లో బ్రిటిష్ ప్రభుత్వం టీ సెస్ చట్టం తెచ్చి, ఎగుమతయ్యే టీ మీద సుంకం వసూలు చేసి, ఆ డబ్బును ప్రచారానికి మళ్లించింది. రైల్వే స్టేషన్లలో, మిల్లుల్లో, బజార్లలో జనానికి టీ అలవాటు చేసే పని మొదలైంది. ప్రచారకులు నేర్పింది ఇంగ్లిష్ వాళ్ల పద్ధతి: తాజా నీళ్లు మరిగించి, ఆకు మీద పోసి, కొన్ని నిమిషాలు ఊరనిచ్చి, చివర్లో కాసిని పాలు. వీధి వ్యాపారులు ఆ పాఠం వినలేదు. పాలు, చక్కెర దండిగా పోశారు. అల్లం, యాలకులు దంచి వేశారు. ఆకు ఖరీదైనది, మసాలా పడితే కొద్ది ఆకుతోనే కప్పు నిండుగా అనిపిస్తుంది. ఈ పద్ధతి ప్రచారకులకు రుచించలేదు, ఎందుకంటే ఆకు అమ్మకం తగ్గుతుంది. కాని గెలిచింది వీధి వ్యాపారే. అతని తెలివి, నాలుక వల్లే ఈనాడు ప్రపంచమంతా మసాలా చాయ్ పేరు తెలుసు. ఆ గౌరవం అతనికి దక్కాల్సిందే.

ఆ కథలోనే ఇంకో నిజం కూడా ఉంది. మసాలా మొదటినుంచీ రెండు పనులు చేసింది. రుచి పెంచింది, ఆకు కొరతను కప్పింది. 1930ల మొదట్లో అస్సాంలో సీటీసీ యంత్రం వచ్చింది. పళ్లున్న రోలర్ల మధ్య ఆకును నలిపి, చింపి, చుట్టి చిన్న గింజలుగా మార్చే పద్ధతి అది. ఆ గింజ వేడినీళ్లలో పడగానే రంగు దించుతుంది, పాలకు తట్టుకుంటుంది, ధర తక్కువ. స్వాతంత్ర్యం తర్వాత దేశమంతా అదే పరుచుకుంది. ఇవాళ భారతదేశంలో తయారయ్యే టీలో చాలా భాగం సీటీసీయే. మంచి సీటీసీ మంచి టీయే, అందులో సందేహం లేదు. అస్సాం సీటీసీకి ఉండే మాల్ట్ రుచి, నిండుదనం పాల టీకి సరిగ్గా సరిపోతాయి. చిక్కు అడుగు శ్రేణి డస్ట్‌తో వస్తుంది. పాతబడి వాసన పోయిన డస్ట్‌లో అల్లం వేస్తే తాగేవారికి తెలియదు. ఒకసారి వాడిన పొడిని ఎండబెట్టి, రంగు పట్టించి, మళ్లీ అమ్మినా తెలియదు.

ఇది ఊహించి భయపెట్టే మాట కాదు. టీ పొడిలో జరిగే కల్తీని ఇంట్లోనే పట్టుకునే పరీక్షలను ఆహార భద్రత, ప్రమాణాల సంస్థే ప్రజలకు చెబుతోంది. ఫిల్టర్ కాగితం మీద కాస్త టీ పొడి పరిచి, నీళ్లు చిలకరించి, కొద్దిసేపాగి పొడి దులిపేసి కుళాయి కింద కడగాలి. వెలుతురుకు పెట్టి చూసినప్పుడు కాగితం మీద మరకలు లేకపోతే పొడి మంచిది. మరకలు పడితే రంగు కలిసినట్టే. ఇనుప రజను ఉందేమో చూడడానికి ఒక అయస్కాంతం చాలు. నెలకు సరిపడా పొడి తెచ్చుకునే ప్రతి ఇంట్లో ఒక్కసారి చేసి చూడదగిన పరీక్షలివి.

ఆకు మంచిదైతే మసాలా ఎలా వేయాలన్నది ఆ తర్వాతి ప్రశ్న. అసలు ఆనందం ఇక్కడే ఉంది. అల్లం టీ విరిగిపోవడం చాలా ఇళ్లలో జరిగేదే. పాలు పాడైపోయాయనుకుని పారబోస్తారు. పచ్చి అల్లంలో జింజిబైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, పాలలోని ప్రొటీన్‌ను అది విరుస్తుంది. బాగా మరిగే నీళ్లలో దాని శక్తి పోతుంది. అందుకే అల్లం దంచి ముందు నీళ్లలో వేసి నాలుగు నిమిషాలు మరిగించి, ఆ తర్వాత పాలు పోసేవాళ్ల టీ విరగదు. అల్లం ఎండి శొంఠి అయ్యేటప్పుడు అందులోని జింజెరాల్ కొంత షోగాల్‌గా మారుతుంది, దానికి కారం ఎక్కువ. పచ్చి అల్లం వేసినంత శొంఠి వేస్తే గొంతు మండేది అందుకే. లవంగం, మిరియం, దాల్చిన చెక్క గట్టివి, సారం దిగడానికి సమయం కావాలి. అవీ అల్లంతో పాటే నీళ్లలో పడాలి. యాలకుల సంగతి వేరు. వాటి పరిమళం ఆవిరితో పాటు ఎగిరిపోయే నూనెలలో ఉంటుంది. మొదట్లోనే వేసి మరిగిస్తే ఆ ఘుమఘుమ వంటింటికి దక్కుతుంది, కప్పుకు దక్కదు. పొయ్యి కట్టేసే ముందు గింజలు నలిపి వేసి మూత పెట్టాలి. పుదీనా అయితే దించాకే.

అన్నీ కలిపి పట్టిన మసాలా పొడి డబ్బా ఈ వరుసను చెడగొడుతుంది. లవంగానికి ఎంత సమయమో యాలక్కీ అంతే సమయం దొరుకుతుంది, చివరికి లవంగమే మిగులుతుంది. మసాలా టీ అంటే లవంగం ఘాటేనని ఒక తరం అనుకోవడానికి ఈ డబ్బాలే చాలావరకు కారణం. ఒక టీకి ఒక దినుసు, ఎక్కువలో ఎక్కువ రెండు. అంతకు మించితే ఏదీ వినిపించదు.

ఆకునూ పరిమళాన్నీ పక్కపక్కన నిలబెట్టడం ఎంత శ్రద్ధగా చేయొచ్చో చూడాలంటే చైనాలోని ఫుజౌ మల్లె టీ గురించి తెలుసుకోవాలి. వసంతంలో కోసిన టీ ఆకును సిద్ధం చేసి, మల్లెలు పూసే వేసవి దాకా దాచి ఉంచుతారు. మధ్యాహ్నం మొగ్గలు కోస్తారు, అవి రాత్రికి విచ్చుకుంటాయి. విచ్చుకునే వేళ ఆకులో కలిపి ఉంచితే ఆకు ఆ వాసనను పీల్చుకుంటుంది. పొద్దున పూలు జల్లించి తీసేసి, ఆకును ఆరబెట్టి, కొత్త పూలతో మళ్లీ అదే పని. మేలురకాలకు ఇది ఎన్నో రాత్రులు సాగుతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2014లో ఫుజౌ మల్లె, టీ సాగును ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. జడలో మల్లెలు తురుముకునే తెలుగు ఆడవాళ్లకు సాయంత్రం మొగ్గ రాత్రికి ఎలా గుబాళిస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మొగ్గ ఇంత పని చేస్తుంటే, ఎసెన్సు చల్లిన ఆకుకూ అదే మల్లె టీ అని పేరు పెట్టి అదే ధరకు అమ్మడం కొనేవారికి అన్యాయం.

కశ్మీర్ కహ్వా కూడా ఈ దారిలోదే. పచ్చ టీ ఆకు, కుంకుమపువ్వు, యాలకులు, దాల్చిన చెక్క, పైన బాదం పలుకులు. పాలుండవు, ఆకు తేలికగా ఉంటుంది, కుంకుమపువ్వు దాన్ని మింగేయదు. మలబారు ముస్లింల ఇళ్లలో బిర్యానీ తర్వాత ఇచ్చే సులైమానీలో నిమ్మరసం పడుతుంది. నిమ్మలోని పులుపు తగలగానే నల్ల టీ రంగు తేలికబడుతుంది, వగరు తగ్గినట్టనిపిస్తుంది. భారీ భోజనం మీద నాలుకను కడిగేసే టీ అది.

టీ రుచి చూడడం పెద్దలకో, కంపెనీల్లో జీతం తీసుకునే రుచి నిపుణులకో పరిమితమైన విద్య కాదు. వాళ్ల పద్ధతికి అంతర్జాతీయ ప్రమాణం ఉంది: ప్రతి 100 మిల్లీలీటర్ల మరిగిన నీటికి 2 గ్రాముల ఆకు, 6 నిమిషాలు, తెల్ల పింగాణీ పాత్ర. ఎండు ఆకును చూస్తారు, ఊరిన ఆకును వాసన చూస్తారు, డికాషన్‌ను చెంచాతో జుర్రుమని పీలుస్తారు. గాలితో పాటు లోపలికి పోతేనే వాసన ముక్కుకు చేరుతుంది. ఇంట్లో ఇంత నిక్కచ్చిగా అక్కర్లేదు. ఒక అస్సాం, ఒక నీలగిరి, ఒక డార్జిలింగ్ చిన్న పొట్లాలు తెచ్చుకుని, పాలూ చక్కెరా లేకుండా పక్కపక్కన ఊరబెట్టి చూస్తే చాలు. అస్సాం నోరు నింపుతుంది. నీలగిరి తేటగా, పూల వాసనతో ఉంటుంది. డార్జిలింగ్‌లో సన్నని వగరు, పండు వాసన. ఆ తేడా ఒకసారి నాలుకకు తెలిశాక ఏ దినుసు ఎక్కడ వేయాలో ఎవరూ చెప్పాల్సిన పని ఉండదు. అస్సాం అల్లాన్నీ మిరియాన్నీ మోస్తుంది. డార్జిలింగ్‌ను దాని మానాన వదిలేయడమే మంచిది. నీలగిరి టీ చల్లారినా తేటగానే ఉంటుందని పేరు. నిమ్మ, పుదీనాతో చల్లటి టీకి అంతకన్నా మంచి ఆకు లేదు. మే నెలలో రెంటచింతల, రామగుండం ఎండల్లో ఆ చల్లటి టీ ఎందుకు అలవాటు కాలేదో ఆలోచించాలి. నీలగిరి తోటలు ఉన్నదీ దక్షిణాదిలోనే.

మసాలా టీ చుట్టూ అల్లుకున్న ఆరోగ్యం మాటలను మాత్రం జాగ్రత్తగా వినాలి. జలుబు చేసినప్పుడు మిరియాల కషాయం ఊరటనిస్తుంది. రెండు చెంచాల చక్కెర వేసిన పాల టీలో చిటికెడు మిరియం పడితే అది మందైపోదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దని చెప్పాయి. టీలోని టానిన్లు ఆహారంలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనీయవు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అన్నం తిన్న చేత్తోనే గ్లాసు అందుకునే అలవాటు ఈ అంకెల పక్కన పెట్టి చూడాల్సినది. ఏ మసాలా వేసినా ఈ సంగతి మారదు. మారాల్సింది వేళ.

ఇక ప్రీమిక్స్ పొట్లాలు. ఆఫీసుల్లో మీట నొక్కితే వచ్చే యాలకుల టీ, అల్లం టీ చాలావరకు వీటివే. పొట్లంలోని పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నిబంధన. వెనక్కి తిప్పి చదివితే చాలా పొట్లాల మీద ముందు కనబడేవి చక్కెర, పాలపొడి. టీ ఎక్కడో తర్వాత వస్తుంది. ముందు వైపు యాలకుల బొమ్మ నిగనిగలాడుతుంటే వెనుక సన్న అక్షరాల్లో ఫ్లేవర్ అని ఉంటుంది. చట్టం అడిగింది వాళ్లు రాశారు. కాని కళ్లజోడు ఉంటే తప్ప చదవలేని చోట రాశారు. యాలక వేశారా, యాలకుల వాసన వేశారా అన్నది బొమ్మ ఉన్న వైపే, బొమ్మ ఉన్నంత పెద్దగా చెప్పాలని కోరడంలో తప్పు లేదు.

కొనేవారు ఆకును పట్టించుకోకపోతే నష్టపోయేది వాళ్లొక్కరే కాదు. దేశంలో పండే టీలో సగానికి పైగా ఇప్పుడు చిన్న రైతులదే. నీలగిరుల్లో ఎకరం, రెండెకరాల్లో టీ పెంచేవాళ్లు పచ్చాకును ఫ్యాక్టరీలకు కిలోల లెక్కన అమ్ముతారు. గిట్టుబాటు ధర కోసం ఏళ్లుగా ఆందోళన చేస్తున్నారు. రెండాకులు, ఒక మొగ్గ చొప్పున ఏరి కోయడానికి కూలి ఎక్కువ, దిగుబడి తక్కువ. ముదురాకుతో కలిపి కోసేస్తే బరువు వస్తుంది. మార్కెట్ అడుగుతున్నది రంగు ఒక్కటే అయితే ఏరి కోసిన రైతుకు అదనంగా వచ్చేదేమీ లేదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ నగరాల్లో పదుల కొద్దీ టీ దుకాణాలు నడిపే సంస్థలు ఇక్కడ ఒక పని చేయగలవు. ధరల బోర్డులో అల్లం, యాలకులు, బెల్లం అన్న వరుసల పైన ఇంకో వరుస చేర్చి, ఈ వారం వాడుతున్న ఆకు ఏ ప్రాంతానిదో, ఏ రకమో రాయవచ్చు. దానికి ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. గ్లాసు అందుకుంటూ పదిమంది ఆ వరుస చదవడం మొదలుపెడితే, తర్వాతిసారి పొడి కొనడానికి వెళ్లిన దుకాణదారు హోల్‌సేల్ వ్యాపారిని అదే ప్రశ్న అడుగుతాడు.