జోకు వేసినోని చేతిల తాడుండాలె

పోస్టు పెద్దగుంది, జర ఓపిక చేసుకొని చదవండి.

మన నిజామాబాద్‌ల ఏ కాలేజీ ఫంక్షన్ అయినా, ఏ హాస్టల్ డే అయినా, మైకు పట్టుకున్న చీఫ్ గెస్టు చెప్పేది ఒకటే మాట. "మీ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది, మీరెందుకు ఎక్కరు?" మేం చప్పట్లు కొడ్తం. మనసు పెట్టే కొడ్తం. మన జిల్లా పాకాల ఊరు, లంబాడి ఇల్లు, వ్యవసాయ కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ. 2014 మే 25న, అంటే తెలంగాణ రావడానికి ఎనిమిది రోజుల ముందు, 13 ఏండ్ల 11 నెలల వయసుల ఎవరెస్టు మీద నిలబడ్డది. పక్కన ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన ఆనంద్ కుమార్ ఉన్నడు, ఆయన కూడా గురుకులం పిల్లగాడే. 2022ల డెనాలి ఎక్కి ఏడు ఖండాల శిఖరాలూ పూర్తి చేసింది. గర్వం కాకపోతే ఏముంటది?

కానీ ఆ గెస్టు చెప్పని సగం కథ ఉన్నది. ఆ సగం గురించే ఈ పోస్టు.

పూర్ణ ఒక్కనాడు పొద్దున లేచి "నేను ఎక్కుత" అని పట్టుదలతో పోలేదు. భువనగిరి ఏకశిల మీద బండలెక్కుడు నేర్పిన్రు. అక్కడి నుంచి డార్జిలింగ్‌ల హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఆ తర్వాత లడఖ్ చలిల శిక్షణ. చాలామంది పిల్లల్ని వడపోసుకుంటూ పోతే చివరికి ఇద్దరు మిగిలిన్రు. కోచ్ శేఖర్ బాబు ఉన్నడు. గురుకులాల సెక్రటరీగా ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ సారు వెనుక నిలబడ్డడు. ఖర్చు సర్కారు పెట్టుకున్నది. కొండ మీద షెర్పాలు ముందు నడిచిన్రు. నేపాల్ వైపు నుంచి పోవాల్నంటే 16 ఏండ్లు నిండాలె, అందుకే టిబెట్ వైపు నుంచి దారి చూసిన్రు. అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది కొండ కూలీలు చనిపోయిన్రు. అంత జరిగినంక కూడా ఈ పిల్లలు ముందుకు పోయిన్రంటే, పక్కన అనుభవం ఉన్నోళ్లు ఉన్నరు కాబట్టి.

మాకు మాత్రం పట్టుదల ఒక్కటే ఇస్తున్నరు. తాడు ఇస్తలేరు.

కొండలెక్కేటోళ్లు ఒకరితో ఒకరు ఎట్ల మాట్లాడుకుంటరో గమనించిన్రా? వాళ్లు స్పీచులు ఇచ్చుకోరు. చిన్నచిన్న మాటలు, నడుమ నడుమ జోకులు. "కుడి చెయ్యి ఇంకొంచెం పైన పెట్టు, అక్కడ సందు ఉంది." "నీళ్లు తాగినవా? దూప కాకున్నా తాగు." "బూటు లేసు అట్ల కట్టినవేందిరా, పెండ్లికి పోతున్నవా?" ఫలానా బండ ఎట్ల ఎక్కాల్నో చెప్పే సమాచారాన్ని వాళ్లు 'బీటా' అంటరు. వెనకటి బీటామ్యాక్స్ వీడియో క్యాసెట్ల నుంచి ఆ పేరు వచ్చిందంటరు. ఒకడు ఎక్కినంక కింద ఉన్నోనికి బీటా చెప్తడు. అడగకుండ మీద పడి బీటా చెప్పేటోన్ని మాత్రం వాళ్లు ఎగతాళి పట్టిస్తరు. మన స్టేజీ గెస్టులకు ఈ సంగతి ఎవలన్న చెప్తే బాగుండు.

ఇంకో మాట ఉన్నది, శాండ్‌బ్యాగ్. కష్టమైన బండను "అరే ఇది ఉత్తదే, పిల్లలు గూడ ఎక్కుతరు" అని కొత్తోనికి చెప్పి పంపుడు. వాడు నడుమల వేలాడుతుంటే కింద నిలబడి నవ్వుడు. కొండల కాడ అది చిలిపి పని. పైన తాడు ఉంటది కాబట్టి వేలాడినోడు కింద పడడు, దిగి వచ్చి వాడే నవ్వుతడు.

మన హాస్టళ్లల్ల గూడ శాండ్‌బ్యాగ్ నడుస్తది, పేరే లేదు. "ఫస్టియర్ లైట్ తీస్కోరా, అందరు పాసైతరు" అని సీనియర్ అంటడు. తండాల తెలుగు మీడియం చదివి, ఇంట్ల గోర్‌బోలి మాట్లాడి, సీదా ఇంగ్లిష్ మీడియం డిగ్రీల పడ్డ పిల్లగాడు ఆ మాట నమ్ముతడు. రెండు సెమిస్టర్లు అయ్యేసరికి నాలుగు బ్యాక్‌లాగులు. ఇక్కడ పైన తాడు లేదు. నడుమల వేలాడినోడు ఇంటికి పోతడు. దసరాకు పోయినోడు దీపావళికి రాడు. మంచం మీద పరుపు చుట్టి ఉంటది, ఆరు నెలలకు ఇంకొకడు వచ్చి పండుకుంటడు. మా రూములల్ల ఇట్ల ఖాళీ అయిన మంచాలు మేం చూసినం. గ్రూపుల మీరు గూడ చూసే ఉంటరు.

జోకులు బంద్ చేయమని మేం అంటలేము. జోకులు లేని హాస్టల్ జైలే. పప్పుచారుల పప్పు ఏడుందో వెతికే జోకు లేకుంటే ఆ చారు తాగుడు కష్టం. మేం చెప్పేది వేరే. కొండ మీద ఒకడు ఇంకొకన్ని ఏడిపిస్తడు గని, ఏడిపించేటోని చేతిల రెండోవాని తాడు ఉంటది. ఎక్కుడు మొదలుపెట్టే ముందు ఇద్దరు ఒకరి నడుము బెల్టు బకిల్ ఒకరు, ఒకరి ముడి ఒకరు గుంజి చూసుకుంటరు. ఇరవై ఏండ్ల అనుభవం ఉన్నోడు గూడ కొత్తోనితోని తన ముడి చూపించుకుంటడు. అది అయినంక ఎంత జోకు వేసినా నడుస్తది. చేతిల తాడు లేకుండ "రిజర్వేషన్ సీటు గదా, నీకేంది" అని నవ్వేటోడు కొండలెక్కేటోని లెక్కల రాడు. వాడు కింద నిలబడి రాళ్లు ఇసిరేటోడు. ఆ రెండింటికి తేడా మన కొత్త పిల్లలకు మొదటి వారమే చెప్పాలె. క్లాసుల అటువంటి మాట పడ్డనాడు "వాడు జోక్ చేసిండులే" అని మనమే సర్ది చెప్పుడు మాత్రం ఆపాలె.

రాళ్లంటే యాదికొచ్చింది. బండలెక్కేటప్పుడు మీద నుంచి రాయి కదిలితే, ఎవని కాలు తాకి కదిలిందన్న పంచాయితీ ఉండదు, చూసిన ప్రతివాడు "రాక్!" అని గట్టిగ ఒర్లుతడు. కింద ఉన్నోళ్లు తల దాచుకుంటరు. మన దగ్గర స్కాలర్‌షిప్ రెన్యూవల్ ఆఖరి తారీఖు పోతుంటది, పది మందికి తెలుస్తది, ఒక్కడు ఒర్లడు. "వానికి తెలుసులే" అనుకుంటం. రాయి వాని తల మీద పడ్డంక "అయ్యో" అంటం.

ఈ తీరు మనకు కొత్త గూడ కాదు. బోధన్ దిక్కు చెరుకు కొట్టుడుకు పోయిన ఇండ్ల పిల్లలం మాల శానామంది ఉన్నరు. చెరుకు ముఠాల కొత్తగ చేరినోనికి ఎవ్వరు స్పీచు ఇయ్యరు. "నిండు చేతుల అంగీ తొడుక్కో, ఆకు కోస్తది." "భూమికి ఆనించి కొట్టు, తీపి అంత మొదట్లనే ఉంటది, పైకెళ్లి కొడ్తే తూకం పోతది." నడుమల "ఏమ్రా, చెరుకు కొడ్తున్నవా, దానికి సలాం కొడ్తున్నవా" అని ఒక జోకు. సాయంత్రానికి పిల్లగాడు నేర్చుకుంటడు. వాడు నేర్వకుంటే ముఠా అందరి కూలి తగ్గుతది, అందుకే నేర్పుతరు. శక్కర్‌నగర్ నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌ల మూతబడ్డంక ఆ పొలాలల్ల వరి పెరిగింది, చెరుకు తగ్గింది, ముఠాలు గూడ తగ్గినయి. ఆ ముఠా మాట తీరు మాత్రం ఎందుకు పోవాలె?

ఇంక వెనుకకు పోతే, తండా అన్న మాటకు అసలు అర్థమే ఎడ్ల బిడారు. మన లంబాడి తాతముత్తాతలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశం మీద తిరిగినోళ్లు. నీళ్లు ఎక్కడున్నయో, ఏ కనుమ దాటితే మేత దొరుకుతదో ముందు పోయినోడు వెనుక వచ్చేటోనికి చెప్పకుంటే బిడారు నడవదు. అది బీటా కాక ఇంకేంది? షెర్పాల సంగతి గూడ అంతే. 1953ల హిల్లరీతోని ఎవరెస్టు ఎక్కిన టెన్జింగ్ నార్గే, 1935ల మొదటిసారి ఆ కొండకు పోయింది మూటలు మోసే కూలీగనే. తర్వాత డార్జిలింగ్ ఇన్‌స్టిట్యూట్‌ల శిక్షణ చూసుకున్నది ఆయనే. అరవై ఏండ్లకు అదే ఇన్‌స్టిట్యూట్‌ల మన పాకాల పిల్ల ముడులు నేర్చుకున్నది.

కొండలోళ్ల ఇంకో రివాజు మాకు బాగ నచ్చుతది. శిఖరం కనపడుతున్నా సరే, ముందే పెట్టుకున్న టైం దాటితే మలిగి రావాలె. 1996 మే నెలల ఎవరెస్టు మీద తుపానుల చిక్కి ఎనిమిది మంది పోయిన్రు. పొద్దు బాగ మలిగినంక శిఖరం చేరినోళ్లు వాళ్లల్ల ఉన్నరు. అందుకే మలిగి వచ్చినోన్ని క్యాంపుల ఎవ్వరు పిరికోడు అనరు, చాయ్ పోస్తరు. మన దగ్గర ఒక సెమిస్టర్ ఆగి, ఇంట్ల అప్పు తీర్చి, మళ్ల చేరుత అన్నోన్ని "వీడు అయిపోయిండు" అంటం. వాడు సిగ్గుకే మళ్ల రాడు. వానికి చాయ్ పోద్దాం. రీఅడ్మిషన్‌కు ఎవరిని కలవాల్నో, ఏ కాగితం కావాల్నో చెప్దాం.

ఒక మాట నిజంగ కొండలెక్కాల్నని ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. ఎక్కండి. కానీ "పైసలు కట్టు, ఆఫ్రికా తీస్కపోత, పేపర్ల ఫొటో వస్తది" అనేటోని మాట విని యాడి మెడల వెండి అమ్మకండి. మొదలు బండల కాడ మొదలుపెట్టండి. మనకు భువనగిరి ఉన్నది. ఆ తర్వాత డార్జిలింగ్‌ల గాని, ఉత్తరకాశి నెహ్రూ ఇన్‌స్టిట్యూట్‌ల గాని 28 రోజుల బేసిక్ కోర్సు ఉంటది. అండ్ల ఏ గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్ కోర్సుకు తీస్కుంటరు. మీ ఒళ్లు కొండకు పనికొస్తదో లేదో అక్కడే తెలిసిపోతది, అప్పు చేయకుండ.

సీనియర్లను మేం అడిగేది ఒకటే. నెలకు ఒక్క బీటా పోస్టు ఈ గ్రూపుల పెట్టండి. మీరెట్ల గెలిచిన్రో వద్దు, ఎక్కడ కాలు జారుతదో చెప్పండి. డిగ్రీ సెకండియర్‌ల ఏ పేపరు మనోళ్లను పడగొడ్తది, దానికి ఏ పుస్తకం చదివిన్రు, హైదరాబాద్‌ల కోచింగ్‌కు పోతే మొదటి నెల ఎంత పట్టింది, ఇంటర్వ్యూల "మీ నాన్న ఏం చేస్తడు" అంటే ఏం చెప్పిన్రు. జోకు గూడ వేయండి, పర్వాలేదు.

మొదటిది మేమే పెడ్తున్నం, ఫస్టియర్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. మీ టెన్త్ మెమో, కులం సర్టిఫికెట్, ఆధార్ మూడు పక్కపక్కన పెట్టి పేరు చూడండి. ఒకదాంట్ల నాయక్ ఉండి ఇంకోదాంట్ల లేకపోయినా, ఇంటిపేరు ఒక కాడ ఒక తీరు, ఇంకో కాడ ఇంకో తీరు పడ్డా, ఈపాస్‌ల మీ అప్లికేషన్ ఆగుతది. మెమో మార్చుడు కష్టం, ఆధార్ మార్చుడు అల్కగ అయితది. ఈ వారమే పోండి. బ్యాంకు ఖాతా ఏడాది నుంచి ముట్టకుంటే వంద రూపాయలు వేసి తీయండి. ఇవి మూడూ చూసుకున్నంక మీ రూమ్మేట్‌వి గూడ చూడండి, వాడు మీవి చూస్తడు. పేర్లు కలవనోళ్లు కింద కామెంట్‌ల రాయండి, మీసేవకు ఆదివారం కాకుండ ఒకనాడు అందరం కలిసి పోదాం.