తలుపుకు ఇంకొక గడియ

కొన్ని దశాబ్దాల కిందట తెలుగునాట అనేక గ్రామాలలో, పట్టణాల పాతపేటలలో ఇంటి తలుపుల మీద సుద్దతోనో బొగ్గుతోనో రాసిన ఒక వాక్యం కనిపించేది: ‘ఓ స్త్రీ రేపు రా’. రాత్రివేళ ఒక దయ్యం ఇంటింటా తలుపు తడుతుందనీ, తెలిసినవారి గొంతుతో పిలుస్తుందనీ, పలికినవారికి చేటు తప్పదనీ వదంతి. తలుపు మీది రాత చదివి దయ్యం వెనుదిరుగుతుందట. మర్నాడు వచ్చినా అదే రాత, అదే జవాబు. చదువుకున్నవారు నవ్వుకున్నారు. నవ్వుకుంటూనే చాలామంది తమ తలుపుల మీద కూడా రాయించుకున్నారు.

ఆ మూఢనమ్మకం అడుగున ఒక వివేకం ఉంది. తెలిసినవారి గొంతుతో పిలిచే అపరిచితుణ్ణి ఎదుర్కోవడానికి బలం అక్కరలేదు, వాదన అక్కరలేదు. వాయిదా చాలు.

ఇప్పుడు తలుపు తట్టేది దయ్యం కాదు. పట్టపగలే వస్తాడు. భుజాన సంచీ, మెడలో గుర్తింపు కార్డు, ముఖాన చిరునవ్వు.

జూలై నెల. అప్పటికి రెండు వానలు పడ్డాయి. ఒక పట్టణంలో, ముప్ఫయి ఏళ్ల నాటి డాబా ఇంట్లో, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడూ ఆయన భార్యా ఉంటున్నారు. కొడుకు బెంగళూరులో, కూతురు అమెరికాలో. ఇటువంటి ఇల్లు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఒకటి ఉంది కనుక ఊరి పేరుతో గాని, ఇంటివారి పేరుతో గాని పనిలేదు.

“నమస్కారం మాస్టారూ! పక్క వీధిలో డాబాకు నీరు దిగకుండా మందు కొట్టి వస్తున్నాం. మీ పిట్టగోడ కింద బీట కనిపించింది. చూసి కూడా చెప్పకుండా పోతే పాపమని ఆగాను.”

వచ్చినవారు ఇద్దరు. ఒకడు మేడ మెట్లెక్కుతాడు. రెండవవాడు కింద మంచినీళ్లు అడిగి తాగి, పిల్లల క్షేమం విచారిస్తాడు. పైకి వెళ్లినవాడు చేతిలో సిమెంటు పెచ్చుతో దిగివస్తాడు. ఆ పెచ్చు మేడ మీదిదో, సంచీలోదో చూసినవారు లేరు.

“ఈ వానలకు శ్లాబు దిగినా దిగుతుంది పెద్దమ్మా. మా అమ్మే ఈ ఇంట్లో ఉంటే నాకు రాత్రి నిద్ర పట్టదు. మందు కొంత మిగిలింది, సగం ధరకే కొట్టిపెడతాం. సాయంత్రానికి మా బండి వేరే ఊరు వెళ్లిపోతుంది. సరుకుకని ముందు ఒక పదివేలు ఇప్పించండి చాలు.”

సాయంత్రానికి డాబా తెల్లగా మెరిసింది. పదివేలు పాతికవేలయ్యాయి. పదిహేను రోజుల తరువాత పెద్దవాన కురిసింది. తెలుపంతా కరిగి, తూముల గుండా వీధిలోకి పారింది. వాళ్లు ఇచ్చిన ఫోను నంబరు పలకలేదు. రశీదు అడగడం అప్పుడు గుర్తుకు వచ్చింది.

ఆ మాస్టారు అమాయకుడు కాడు. బతుకంతా పిల్లలకు లెక్కలు చెప్పినవాడు. అయినా మోసపోయాడంటే కారణం తెలివితక్కువతనం కాదు. వచ్చినవాడు ఎక్కిన నాలుగు మెట్లను ఒక్కొక్కటిగా చూస్తే సంగతి తెలుస్తుంది. మొదటిది వరస కలపడం. అడగకుండానే ‘పెద్దమ్మా’ అన్నవాణ్ణి కాదనడానికి మన నోరు రాదు. రెండవది భయపెట్టడం. మేడ మీదికో, పొయ్యి కిందికో, పెద్దవారు స్వయంగా వెళ్లి చూడలేని చోటికే ఆ భయం చేరుతుంది. మూడవది ఆశ, సగం ధర. నాలుగవది తొందర, సాయంత్రం వెళ్లిపోయే బండి. మొదటి మూడింటికీ ప్రాణం ఈ నాలుగవదే. రాత్రి పడుకుని ఆలోచించే వ్యవధి దొరికితే వరస, భయం, ఆశ మూడూ తెల్లవారేసరికి పలచబడతాయి.

పెద్దతరం వారు గుమ్మంలోకి వచ్చిన పనివాణ్ణి నమ్మడానికి ఇంకొక కారణం కూడా ఉంది. వారి చిన్ననాట మరమ్మతు అనేది ఇంటి ముందుకే నడిచివచ్చేది. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు, కత్తులకు సాన పట్టేవాడు, గొడుగులు బాగుచేసేవాడు వీధి అరుగు ముందు కూర్చుని పని చేసేవారు. ఆ పని యజమానురాలి కళ్లెదుట జరిగేది. ఆమె గిన్నె తిప్పి చూసుకున్న తరువాతనే డబ్బులు ఇచ్చేది. వచ్చే ఏడు మళ్లీ అతనే వచ్చేవాడు. కళ్లెదుట పని, పని తరువాత కూలి, మళ్లీ కనబడే మనిషి: ఆ నమ్మకానికి మూడు కాళ్లు ఉండేవి. నేటి వంచకుడు ఈ మూడు కాళ్లనూ విరిచి, నమ్మకాన్ని మాత్రం మిగుల్చుకున్నాడు.

పైగా అతడు చెప్పేదంతా అబద్ధం కాదు. వంటగ్యాసు తనిఖీనే చూడండి. ఐదేళ్లకొకసారి తనిఖీ జరగాలన్నదీ, సురక్షా గొట్టాన్ని ఐదేళ్లకు మార్చుకోవాలన్నదీ నిజమే. ఆ నిజాన్ని ముందు నడిపించి, గ్యాసు కంపెనీవాణ్ణని అబద్ధం వెనుక వస్తుంది. పనికిరాని విడిభాగాలు, పెంచిన ధరలు, ఎవరికీ చెందని రశీదు దాని పరివారం. విరుగుడు సులువు. గ్యాసు పుస్తకంలోనో, గత సిలిండరు బిల్లు మీదనో ఉన్న ఏజెన్సీ నంబరుకు ఫోను చేసి, మనిషిని పంపారా అని అడగడమే. అతని కార్డు మీది నంబరుకు చేస్తే జవాబు చెప్పేది అతని జతగాడే కావచ్చు. నిజంగా గ్యాసు వాసన వస్తే 1906కు ఫోను చేయాలి. అది అత్యవసర నంబరు.

మంచినీటి పరీక్ష మరొకటి. బల్ల మీద రెండు గాజు గ్లాసులు పెడతారు. ఒకదానిలో మీ కుళాయి నీరు, రెండవదానిలో వారు తెచ్చిన శుద్ధజలం. రెండింటిలోనూ లోహపు కడ్డీలు ముంచి విద్యుత్తు పంపుతారు. నిమిషాలలో మీ నీరు తుప్పురంగు బురదగా మారుతుంది, వారి నీరు తేటగానే ఉంటుంది. “ఇన్నాళ్లూ మీరు తాగుతున్నది ఇదే నమ్మా!” అంటారు. ఇంట్లో మనవలున్నారంటే ఆ మాటకు గుండె గుభేలుమంటుంది.

ఆ బురద నీటిలోది కాదు, కడ్డీలోది. కుళాయి నీటిలో కరిగి ఉన్న లవణాల వల్ల విద్యుత్తు ప్రవహించి, ఇనుప కడ్డీ కరిగి తుప్పుగా తేలుతుంది. శుద్ధజలంలో లవణాలు దాదాపు లేవు కనుక విద్యుత్తు పారదు, కడ్డీ కరగదు. వారి గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ కడ్డీలు ముంచమనండి. ఆ శుద్ధజలం కూడా మీ నీటి దారినే పడుతుంది. కరిగిన లవణాలను కొలిచే చిన్న మీటరు సంగతీ అంతే. అది క్రిములను చూపించలేదు. మన దేశపు ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఈ లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండటం మేలు. వేరే నీరు దొరకనిచోట 2000 వరకు అనుమతి ఉంది. మీటరు మీద 300 చూపి బెదిరిస్తే బెదరనక్కరలేదు.

ఇటువంటి విద్య కొత్తది కాదు. 1849లో న్యూయార్కు నగరంలో విలియం థాంప్సన్ అనే వ్యక్తి పట్టుబడ్డాడు. మర్యాదగా దుస్తులు ధరించి, దారిన పోయేవారితో పాతమిత్రుడిలా మాటలు కలిపి, నామీద నమ్మకం ఉంటే మీ గడియారం రేపటిదాకా నా దగ్గర ఉంచగలరా అని అడిగేవాడు. ఇచ్చినవారున్నారు. పత్రికలు అతన్ని నమ్మకం పేరుతో పిలవగా, ఇంగ్లీషులో మోసగాణ్ణి ‘కాన్‌మన్’ అనడం అక్కడినుంచే వ్యాప్తిలోకి వచ్చింది. 1857లో హెర్మన్ మెల్విల్ ఆ పేరుతోనే ఒక నవల రాశాడు. గమనించవలసిన విషయం ఒకటే. గడియారం ఈరోజు కావాలి, తిరిగి ఇచ్చేది రేపు. వంచకుడు ఎప్పుడూ ‘ఈరోజు’ తాను తీసుకుని ‘రేపు’ మనకు ఇస్తాడు.

చట్టాలు కనిపెట్టిన మందు కూడా ఈ రేపే. గడప దగ్గర జరిగే అమ్మకాల గురించి అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంఘం 1972లో ఒక నియమాన్ని ప్రకటించింది. అది 1974లో అమలులోకి వచ్చింది. ఇంటి వద్ద కుదిరిన అటువంటి బేరాన్ని కొన్నవారు మూడు పనిదినాలలోగా, కారణం చెప్పనక్కరలేకుండా రద్దు చేసుకోవచ్చు. బ్రిటన్‌లో 2014 నుంచి ఈ గడువు సాధారణంగా 14 రోజులు. మనిషి మనసు చల్లబడటానికి ఇచ్చిన వ్యవధి అది.

మన వినియోగదారుల చట్టంలో గుమ్మం దగ్గర కుదిరిన మరమ్మతు బేరానికి ఇటువంటి గడువు లేదు. డైరెక్ట్ సెల్లింగ్ సంస్థల ప్రతినిధులు గుర్తింపు కార్డూ ముందస్తు అనుమతీ లేకుండా ఇంటికి రాకూడదని 2021 నాటి నియమాలు అంటున్నాయి గాని, దారిన పోయే మందు బండికి ఆ నియమాలు అందవు. అందుచేత చట్టం ఇవ్వని ఆ ఒక్కరోజు గడువును ఇంటివారు తమకు తామే ఇచ్చుకోవాలి.

అందుకు ఇంట్లో పాటించవలసినవి కొన్ని ఉన్నాయి.

పిలవని పనివారితో కటకటాల తలుపు మూసి ఉంచే మాట్లాడండి. మంచినీళ్లు ఇవ్వవచ్చు, మాట ఇవ్వనక్కరలేదు. ఎవరినీ మేడ మీదికి, వంటింటిలోకి పంపవద్దు. ఇద్దరు వస్తే మరింత జాగ్రత్త. ఒకడు మాటల్లో పెడితే రెండవవాడు ఇల్లు చూస్తాడు.

నిజంగా బీట ఉందేమో అనిపిస్తే మీకు తెలిసిన మేస్త్రీని మీరే పిలిపించండి. ఇద్దరిచేత అంచనా వేయించండి. ఏ సరుకు, ఎన్ని పూతలు, ఎంత మేర, మొత్తం ఎంత అన్నది కాగితం మీద ఉండాలి. సరుకు మీ పేరిట బిల్లుతో దుకాణంలో మీరే కొనిపించండి. డాబా పని అయితే తూములు మూసి ఒక పగలూ ఒక రాత్రీ నీరు నిలబెట్టి, కింద చెమ్మ దిగలేదని చూశాకనే చివరి సొమ్ము ఇవ్వండి.

డబ్బు వాపసు పంపుతామని ఫోనులో రహస్య సంఖ్య నొక్కమంటే నొక్కవద్దు. డబ్బు పుచ్చుకోవడానికి ఆ సంఖ్య ఎన్నడూ అక్కరలేదు. అది ఇవ్వడానికే.

అన్నిటికంటె ముఖ్యం, ఒక వాక్యాన్ని ఇంటి నియమంగా పెట్టుకోండి: “మా ఇంట్లో ఏ పనైనా పిల్లలతో మాట్లాడి మర్నాడే చెబుతాం బాబూ, రేపు రండి.” దీనిలో అనుమానం లేదు, అవమానం లేదు. నిజాయితీ గల పనివాడు రేపు వస్తాడు. అతనికి ఈ మాట వల్ల నష్టం లేదు.

ఇంత చేసినా మోసం జరగవచ్చు. జరిగితే ఏమిటి? వెంటనే 112కు గాని, దగ్గరి పోలీసు స్టేషనుకు గాని తెలపాలి. ‘ఫోర్‌ట్వంటీ’ అన్న మాట మన నోళ్లలో ఇంకా ఉన్నా, 2024 జూలై 1 నుంచి మోసం నేరం భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షను కిందికి వస్తుంది. ఫోను ద్వారా డబ్బు పోతే 1930కి ఎంత త్వరగా చెబితే అంత మంచిది. పని చేసినవారి చిరునామా తెలిసి, పని చెడితే, వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉంది. జిల్లా వినియోగదారుల కమిషనులో ఐదు లక్షల రూపాయల లోపు వ్యవహారానికి రుసుము లేదు. వ్యవధి రెండేళ్లు. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం 2019 చట్టం దృష్టిలో అనుచిత వ్యాపారమే. వృద్ధులకోసం ప్రత్యేకంగా 14567 అనే సహాయ నంబరు కూడా ఉంది.

అయితే ఈ నంబర్లన్నిటికీ అడ్డుపడేది ఒకటుంది. అది సిగ్గు. పోయిన పాతికవేల కన్నా పెద్దవారిని ఎక్కువగా బాధించేది, పిల్లలకు తెలిస్తే ఏమంటారోనన్న బెంగ. ‘ఇక మీరు ఒంటరిగా ఉండలేరు, ఇల్లు అమ్మేసి వచ్చేయండి’ అంటారేమోనని ఆ మాస్టారు కూతురు ఫోను చేసినప్పుడల్లా వానల సంగతి దాటవేస్తాడు. పాతికవేలు పోయాయని చెబితే ఇల్లే పోతుందని ఆయన భయం. చెప్పనివారి ఇంటికి వంచకుడి జతగాడు మళ్లీ వస్తాడు, ఈసారి కారుతున్న డాబాను బాగుచేసే మిషతో.

కనుక దూరాన ఉన్న పిల్లలు చేయవలసింది, తలుపుకు గొలుసు బిగించడం కన్నా ముందు, మందలించకుండా వినడం. ‘నాన్నా, అంత చదువుకుని మీరెలా నమ్మారు?’ అన్న ఒక్క ప్రశ్న తరువాతి పది సంగతులను తెలియకుండా చేస్తుంది. ‘మంచిపని చేశారు నాన్నా, చెప్పారు’ అన్న మాట ఇంటికి కాపలా. ఈసారి ఊరు వచ్చినప్పుడు నమ్మకమైన మేస్త్రీ, ప్లంబరు, ఎలక్ట్రీషియను, గ్యాసు ఏజెన్సీ నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి ఫోను పక్కన గోడకు అతికించి వెళ్లండి. ‘రేపు రండి’ అన్న మాటకు అవసరమైతే మీ పేరు వాడుకోమని చెప్పి వెళ్లండి.

తెలుగులో గడియ అంటే తలుపును బిగించేది. గడియ అంటే కాలాన్ని కొలిచేది కూడా. ఇనుప గడియ ప్రతి ఇంటికీ ఉంది. ‘రేపు రండి’ అన్న మాట రెండవ గడియ. దానికి తుప్పు పట్టదు, దాన్ని వేయడానికి ముసలి చేతుల బలం చాలు.