గాలిని తూచే బుల్లి త్రాసు

పిల్లలూ! "బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడింది" అని రేడియోలోనో, టీవీలోనో చెప్పగానే మన కోనసీమలో పెద్దవాళ్ళు చెవులు రిక్కించి వింటారు. 1996 నవంబరు 6వ తేదీన వచ్చిన తుఫాను ఎన్ని కొబ్బరితోటలను పడగొట్టిందో మీ తాతగారిని అడగండి, చెబుతారు. గాలికి బరువున్నది. ఆ బరువు వల్ల కలిగే ఒత్తిడినే పీడనం అంటారు. ఒకచోట అది బాగా తగ్గితే చుట్టుపక్కల గాలి అటు పరుగెత్తుకు వస్తుంది.

ఈ పీడనాన్ని పాదరసంతో కొలిచే ఉపాయం 1643 ప్రాంతంలో ఇటలీ దేశస్థుడు టారిసెల్లీ కనిపెట్టాడు. అందుకు నిలువెత్తు గాజు గొట్టం కావలసి వచ్చింది. ఈనాడు అదే పని చేసే పరికరం బొటనవేలంతై, కొబ్బరికాయలు మోసే పికప్ బండి ఇంజనులో కూర్చున్నది! దానిని మెకానిక్కులు మ్యాప్ సెన్సారు అంటారు.

ఇంజనుకు దానితో పనేమిటి? పొయ్యిలో కట్టె మండాలంటే గాలి కావాలి కదా! ఇంజనులో డీజిలు మండడానికీ అంతే. ఎంత గాలి వస్తున్నదో తెలిస్తేనే, ఎంత డీజిలు వదలాలో బండిలోని కంప్యూటరు నిర్ణయించగలదు. ఈనాటి డీజిలు పికప్పులలో టర్బో అనే చిన్న పంకా గాలిని ఒత్తి ఇంజనులోకి తోస్తుంది. ఆ గాలి పోయే దారిలోనే సెన్సారును బిగిస్తారు. దాని లోపల సిలికాన్‌తో చేసిన పలచని పొర ఒకటి ఉంటుంది. పొరకు ఒక పక్క శూన్యం, రెండో పక్క గాలి. గాలి ఒత్తినకొద్దీ పొర వంగుతుంది. వంగినకొద్దీ తీగ వెంట ఎక్కువ వోల్టేజి కంప్యూటరుకు చేరుతుంది.

ఈ బుల్లి త్రాసు తప్పు తూచిందనుకోండి. కోనసీమ నేల చదును. ఇక్కడ బండి ఎక్కవలసిన ఎత్తులంటే వంతెనలే. రాజోలు నుంచి కాయలెత్తుకుని పాలకొల్లు పోయే బండి చించినాడ వంతెన ఎక్కలేక ఆయాసపడుతుంది. నల్లటి పొగ కక్కుతుంది. యజమాని "సెన్సారు పోయింది" అనుకుని కొత్తది కొంటాడు. ఒక్కొక్కసారి డబ్బూ పోతుంది, ఆ రోజు కిరాయీ పోతుంది, పొగ మాత్రం పోదు! ఎందుకంటే, దోషం ఎక్కడున్నదో ఆయన పరీక్షించనే లేదు.

మరి పరీక్షించడం ఎలా? అంగట్లో త్రాసు సరైనదో కాదో తెలియాలంటే, బరువు ముందే తెలిసిన గుండు పెట్టి చూస్తాం. సెన్సారుకూ అదే పరీక్ష. తాళంచెవి తిప్పి, ఇంజను మాత్రం స్టార్టు చేయకుండా ఉంచాలి. అప్పుడు సెన్సారు దగ్గర ఉండేది మామూలు బయటి గాలే. అమలాపురం సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్నది. ఇక్కడ గాలి పీడనం సుమారు 100 కిలోపాస్కల్‌లు. మెకానిక్కు స్కానరు తగిలిస్తే ఆ అంకెకు దగ్గరగా కనబడాలి. 70 అని చూపితే సెన్సారో, దాని తీగో అబద్ధమాడుతున్నదన్నమాట. కాని అదే బండి అరకులోయలో 90 దరిదాపుల్లో చూపితే అది తప్పు కాదు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. పైకి పోయినకొద్దీ గాలి పలచబడుతుంది.

అంకె సరిగా ఉండి కూడా బండి లాగకపోతే? ఇంజను నడుస్తుండగా టర్బో గొట్టం దగ్గర బుస్సుమనే చప్పుడు వస్తున్నదేమో వినాలి. గొట్టం చిరిగినా, క్లాంపు వదులైనా గాలి బయటికి పోతుంది. అప్పుడు సెన్సారు నిజమే చెబుతున్నది, తప్పు గొట్టానిది!

అంకె తప్పయితే ముందు తీగ తగిలించే ప్లగ్గును చూడాలి. ఉప్పుగాలికి, తేమకు దాని పిన్నులకు చిలుము పట్టవచ్చు. తరువాత మసి సంగతి. విషవాయువులు తగ్గడానికని చాలా డీజిలు ఇంజన్లు తమ పొగలో కొంత మళ్ళీ తామే పీల్చుకుంటాయి. అందులోని మసి, నూనె తడితో కలిసి సెన్సారు రంధ్రాన్ని పూడ్చివేస్తుంది. అప్పుడది నిద్రమత్తులో ఉన్నవాడిలా ఆలస్యంగానో, తప్పుగానో జవాబు చెబుతుంది. ఇంజను చల్లారాక సెన్సారు విప్పి, అందుకోసమే అమ్మే స్ప్రేతో కడిగి, బాగా ఆరనిచ్చి బిగించాలి. రంధ్రంలో సూదితో పొడిస్తే లోపలి పొర పగులుతుంది. రబ్బరు రింగు చిట్లితే అదీ మార్చాలి. ఇవన్నీ చేశాక కూడా అంకె తప్పుతుంటేనే కొత్త సెన్సారు కొనాలి. ఇది పెద్దల పని. మీరు పక్కన నిలబడి చూడండి.

మీరు చేయదగినది ఒకటున్నది. గాజు సీసా మూతికి బెలూను రబ్బరును బిగుతుగా కట్టి, దాని నడుమ చీపురుపుల్ల కొస ఒకటి అంటించండి. రెండో కొస సీసా అంచు దాటి బయటికి ఉండాలి. వెనుక ఒక కాగితం నిలబెట్టి, పుల్ల కొస ఎక్కడున్నదో రోజూ గీత గీయండి. పీడనం పెరిగితే రబ్బరు లోపలికి వంగి, బయటి కొస పైకి లేస్తుంది. తగ్గితే కిందికి దిగుతుంది. అయితే సీసాను ఎండలో పెడితే, పీడనం మారకపోయినా కొస కిందికి దిగుతుంది! అలా ఎందుకు జరిగిందో, సెన్సారు పొర వెనుక గాలికి బదులు శూన్యం ఎందుకు ఉంచారో ఆలోచించండి. రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే.