ఒకే ఫండ్, రెండు పద్దులు

వరంగల్‌లో ఒక అధ్యాపకుడు ఉన్నారనుకోండి. కూతురి చదువు కోసం ఏళ్ల తరబడి నెలనెలా సిప్ కడుతున్నారు. ఇంటి జమాఖర్చులన్నీ కంప్యూటర్‌లో రాసుకునే అలవాటు కూడా ఉంది. ఒక ఆదివారం లెక్క తీస్తే ఫండ్ల మొత్తం 18 లక్షలు దాటింది. పెట్టుకున్న లక్ష్యం కూడా అంతే. ఇక సిప్ ఆపేద్దామన్న నిర్ణయానికి వచ్చేశారు. నిజానికి ఆయన దగ్గరున్నది 11 లక్షలే. మిగతా 7 లక్షలు కాగితం మీద కూడా లేవు. ఒకే ఫండ్‌ను సాఫ్ట్‌వేర్ రెండు పేర్లతో రెండుసార్లు కూడిన ఫలితమది.

ఇందులో ఎవరి మోసమూ లేదు. తప్పంతా పేర్ల దగ్గరే మొదలవుతుంది. క్వికెన్, గ్నూక్యాష్ లాంటి ప్రోగ్రాములైనా, ఫోన్లలోని యాప్‌లైనా తెలియని పేరు కనిపిస్తే దాన్ని కొత్త పథకం కింద జమకట్టే ప్రమాదం ఉంది. మన ఫండ్ సంస్థలకేమో పేర్లు మార్చడం మామూలు విషయం. రిలయన్స్ మ్యూచువల్ ఫండ్ 2019లో నిప్పాన్ ఇండియా అయింది. ఐడీఎఫ్‌సీ 2023లో బంధన్ అయింది. పథకాల వర్గీకరణపై సెబీ 2017 అక్టోబరులో ఇచ్చిన ఆదేశాల తర్వాత మరుసటి ఏడాదంతా పేర్ల మార్పిడి జాతరే నడిచింది. 2021 ఏప్రిల్ నుంచి ‘డివిడెండ్’ అన్న మాట తీసేసి ‘ఐడీసీడబ్ల్యూ’ అనే నోరు తిరగని పొడి అక్షరాలు తగిలించారు. మదుపరి పెట్టుబడి కదలకుండా ఉన్నచోటే ఉంది. దాని మీది చీటీ మాత్రం మారింది. పాత చీటీ కింద 60 వాయిదాలు, కొత్త చీటీ కింద మళ్లీ అవే 60 వాయిదాలు పేరుకుంటే మొత్తం రెట్టింపు కాక ఏమవుతుంది?

రెండో కారణం మరింత చిన్నది, అందుకే ఎవరికీ దొరకదు. చేత్తో రాసుకునే వారు సిప్ కట్టిన రోజు 5,000 రూపాయలని నమోదు చేస్తారు. 2020 జూలై 1 నుంచి యూనిట్ల కొనుగోలుపై 0.005 శాతం స్టాంప్ డ్యూటీ ఉంది కాబట్టి రిజిస్ట్రార్ స్టేట్‌మెంటులో అదే వాయిదా 4,999.75గా కనిపించవచ్చు. పైగా 2021 ఫిబ్రవరి నుంచి డబ్బు ఫండ్‌కు చేరిన రోజు ఎన్‌ఏవీనే వర్తిస్తోంది. బ్యాంకులో కోత పడిన తేదీ ఒకటి, యూనిట్లు వచ్చిన తేదీ మరొకటి కావచ్చు. తేదీ కలవదు, మొత్తమూ కలవదు. ఆ పావలా తేడాకే సాఫ్ట్‌వేర్ వాటిని రెండు వేర్వేరు కొనుగోళ్లుగా రాసేసుకునే అవకాశం ఉంది.

ఇక స్టేట్‌మెంట్లు. క్యామ్స్, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే కేఫిన్ టెక్నాలజీస్ (ఒకప్పటి కార్వీ) ఇచ్చే ఉమ్మడి స్టేట్‌మెంటు ఒకటి. డీమ్యాట్ ఖాతా ఉన్నవారికి ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ పంపేది మరొకటి. డీమ్యాట్ బయట ఫోలియోల్లో ఉన్న యూనిట్లు ఈ రెండో దానిలోనూ ఉంటాయి. రెంటినీ లోపలికి ఎక్కిస్తే అవే యూనిట్లు రెండుసార్లు లెక్కకొస్తాయి. ఎక్కువ కాగితాలుంటే లెక్క పక్కాగా వస్తుందన్న నమ్మకం ఇక్కడ బెడిసికొడుతుంది.

దిద్దుబాటుకు పేరును పక్కనపెట్టి ఐఎస్ఐఎన్‌ను పట్టుకోవాలి. ‘ఐఎన్ఎఫ్’తో మొదలయ్యే ఈ 12 అక్షరాల సంకేతం ఫండ్ సంస్థ పేరు మారినంత మాత్రాన మారిపోదు. దానికి ఫోలియో నంబరు కలిపితే పద్దు గుర్తింపు తిరుగులేనిది. ముందు మొత్తం ఫైలుకు నకలు తీసి విడిగా దాచుకోవాలి. తర్వాత రిజిస్ట్రార్ స్టేట్‌మెంటులో ప్రతి ఫోలియో ఎదుట ఉన్న యూనిట్ల సంఖ్యను, మూడు దశాంశాల దాకా, సాఫ్ట్‌వేర్‌లోని సంఖ్యతో పోల్చాలి. రూపాయల్లో పోలిస్తే లాభం లేదు. ఎన్‌ఏవీ రోజూ మారుతుంది, యూనిట్లు మారవు.

సాధారణంగా జరిగే పొరపాటు, రెండు పద్దులు కనిపించగానే పాతదాన్ని కొట్టేయడం. పాతదాంట్లోనే అసలు కొనుగోలు తేదీలూ ధరలూ ఉంటాయి. ఈక్విటీ ఫండ్‌ను ఏడాదికి మించి ఉంచుకుని అమ్మితే, 2024 జూలై 23 నుంచి అమలైన నిబంధన ప్రకారం, ఏటా 1.25 లక్షలు దాటిన లాభంపై 12.5 శాతం పన్ను. ఏడాదిలోపు అమ్మితే 20 శాతం. ముందు కొన్న యూనిట్లే ముందు అమ్మినట్టు లెక్క కాబట్టి తేదీలు పోతే ఈ లెక్క మొత్తం గాల్లో కలుస్తుంది. చరిత్ర ఉన్న పద్దును ఉంచి, కొత్తదాంట్లో మాత్రమే ఉన్న వాయిదాలను దానిలోకి చేర్చి, ఖాళీ అయిన పద్దును అప్పుడు తీసేయాలి. విసుగు పుట్టించే పనే, ఒక సాయంత్రంతో తెమలకపోవచ్చు.

విలీనాల్లో చిక్కు వేరు. హెచ్‌డీఎఫ్‌సీ ప్రూడెన్స్ 2018లో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాలెన్స్‌డ్ అడ్వాంటేజ్‌గా మారిపోయినప్పుడు పాత మదుపరుల చేతికి కొత్త పథకం యూనిట్లు వచ్చాయి. ఇలాంటి మార్పిడిని చాలామంది పాతది అమ్మి కొత్తది కొన్నట్టు రాసుకుంటారు. పథకాల విలీనాన్ని అమ్మకంగా చూడనక్కర్లేదని 2015లోనే చట్టం మార్చారు. పాత ధర, పాత తేదీ కొత్త యూనిట్లకూ కొనసాగుతాయి.

కవలల్లా కనిపించే ప్రతిదీ నకిలీ కాదన్నదీ గమనించాలి. 2013 జనవరి నుంచి ఉన్న డైరెక్ట్ ప్లాన్, రెగ్యులర్ ప్లాన్ ఒకే పథకానికి చెందినా ఎన్‌ఏవీలు వేరు, ఐఎస్ఐఎన్‌లు వేరు. అవి రెండు పద్దులుగానే ఉండాలి. ఒకే పథకంలో భర్తకూ భార్యకూ ఉన్న ఫోలియోలూ అంతే. 2020 జనవరిలో వొడాఫోన్ ఐడియా బాండ్ల విలువ పడిపోయినప్పుడు ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ తన డెట్ పథకాల్లోంచి వాటిని వేరుచేసి మదుపరులకు విడిగా యూనిట్లు ఇచ్చింది. పాత పథకం పేరే, దాని చివర మరో ముక్క, ఎదురుగా విలువ సున్నా. చూసినవారికి అది సాఫ్ట్‌వేర్ చేసిన పొరపాటులాగే అనిపిస్తుంది. అదే సంవత్సరం జూలైలో గడువు తీరిన బాండుకు కంపెనీ డబ్బు చెల్లించింది, అది మదుపరుల బ్యాంకు ఖాతాలకు చేరింది. నకిలీ అనుకుని ఆ పద్దును ముందే చెరిపేసినవారికి ఆ డబ్బు ఎక్కడిదో వెతుక్కోవాల్సిన పని పడింది.