నవ్వేవాడే పార్టు తెస్తాడు



ఈ నెల పాత బండ్లు పెట్టుకున్నవాళ్ల పోట్లాటల గురించి రాస్తాను. మన షోలాపూర్‌లో ఆదివారం పొద్దున గ్యారేజీ కాడికి పోయి చూడండి. నలుగురు ముసలోళ్లు ఒక బానెట్ ఎత్తి లోపలికి తొంగి చూస్తుంటారు. అందులో నేనూ ఒకణ్ణి. నాది చేతక్ స్కూటర్. మాలో ఒకాయనకు అంబాసిడర్, ఒక తమ్ముడికి ఎజ్డీ మోటార్‌సైకిల్, బొంబాయిలో టాక్సీ నడిపి వచ్చిన బావకు ప్రీమియర్ పద్మిని. పేర్లు రాస్తే ఇంటిమీదికి వస్తారు కాబట్టి బండ్ల పేర్లతోనే చెబుతాను.

మాకు ఒకరి బండి ఒకరికి నచ్చదు. పద్మిని బావ రాగానే అంబాసిడర్ అన్న "వచ్చిందిరా అగ్గిపెట్టె" అంటాడు. బావ ఊరుకుంటాడా? "నీది బండా, పెళ్లిపందిరా? మలపాలంటే మైదానం కావాలె" అంటాడు. ఎజ్డీకి కిక్కు కొట్టేదీ గేరు వేసేదీ ఒకటే లీవరు. "మైసూరోళ్లు ఇనుము మిగిలించిండ్రు" అని నవ్వుతాం. ఇక నా చేతక్ మొరాయిస్తే ఒక పక్కకు వంచి, మళ్లీ నిలబెట్టి, అప్పుడు తన్నాలి. "ముందు దండం, ఎనక తన్ను. ఇదేం మర్యాద మామా?" అని నన్ను ఆడిస్తారు. 2020లో కరెంటు చేతక్ రోడ్డు మీదికి వచ్చినప్పటి నుంచి ఇంకో మాట పుట్టింది: "పొగ లేదు, చప్పుడు లేదు, నీదానికన్నా బుద్ధిమంతురాలు" అని.

ఇదంతా ఉత్త నవ్వులాట. నిజంగా ఒళ్లు మండే సంగతులు వేరే ఉన్నాయి.

రోడ్డు మీద ఆపి "ఎంత మైలేజ్ ఇస్తది?" అని అడిగేవాళ్లు ఒక రకం. నలభై ఏండ్లు చాకిరీ చేసిన మనిషిని ఆపి, పూటకు ఎన్ని రొట్టెలు తింటావని అడుగుతారా? అడగకుండా బానెట్ మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటో దిగేవాళ్లు ఇంకో రకం. ప్యాంటు గుండీ గీసుకుంటే ఆ గీత పోవడానికి ఎంత పని ఉంటుందో వాళ్లకేం తెలుసు. "కొంచెం పని ఉంది, అంతే" అని చెప్పి బండి అంటగట్టేవాళ్లు మరీ అన్యాయం. ఆ కొంచెం పనిలో ఇంజిన్, బ్రేకులు, కింది రేకు అన్నీ వస్తాయి.

అందరికన్నా చెడ్డవాళ్లు, తుప్పు కోయకుండా దానిమీద లాంబీ పూసి, రంగు కొట్టి, "ఒరిజినల్ బాడీ" అనేవాళ్లు. వీళ్ల కోసమే అంబాసిడర్ అన్న జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకొని తిరుగుతాడు. రేకు మీద పెడితే అంటుకుంటుంది. మందంగా లాంబీ ఉన్న చోట పెడితే జారి పడుతుంది. కొత్తగా ఏ బండి వచ్చినా పెళ్లిచూపులకు పోయినట్టు చుట్టూ తిరిగి చూసి, ఆ తర్వాతే చాయ్ తాగుతాడు.

పెద్ద పంచాయతీ మాత్రం అసలు, అతుకు అన్నదాని మీద. కంపెనీ నుంచి ఎట్లా వచ్చిందో అట్లనే ఉండాలని అన్న. నడిస్తేనే బండి, నడవకుంటే బొమ్మ అని బావ. సర్కారు కూడా 2021లో రూలు తెచ్చింది. 50 ఏండ్లు దాటి, అసలు రూపు మారకుండా ఉన్న బండిని వింటేజ్ అని రాయించుకోవచ్చు. నంబరులో వీఏ అన్న అక్షరాలు వస్తాయి, కొత్తగా రాయించడానికి ఫీజు 20,000 రూపాయలు. కానీ ఆ బండిని రోజూ తిప్పకూడదు. "తిప్పకూడని బండి నాకెందుకు?" అని బావ. "తిప్పి తిప్పి నాశనం చేసినదాన్ని ఎవడు చూస్తడు?" అని అన్న. ఇది ఏండ్ల తరబడి తెగని ముడి.

పద్మిని మనకు పరాయిది కాదు. ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1944లో పెట్టిన వాల్‌చంద్ హీరాచంద్ 1882లో మన షోలాపూర్‌లోనే పుట్టాడు. విశాఖపట్నంలో ఓడల కార్ఖానా మొదలుపెట్టించిందీ ఆయనే. "నాది ఊరి బండి" అని బావ మీసం తిప్పితే, "నమూనా ఇటలీ ఫియట్‌ది కదా" అని అన్న. "మరి నీది ఇంగ్లండు మోరిస్ కాదా?" అని బావ. అక్కడికి ఇద్దరూ చాయ్ చెబుతారు.

బొంబాయిలో చివరి పద్మిని టాక్సీ 2003 అక్టోబర్ 29న రిజిస్టర్ అయింది. అక్కడ టాక్సీకి 20 ఏండ్లే గడువు. 2023 అక్టోబర్ చివర ఆ గడువు తీరింది. ఆ రోజు బావ గ్యారేజీకి వస్తే అన్న ఒక్క మాట అనలేదు. ఆయన అనకపోవడం చూసి మాకే భయమేసింది.

మొన్న మా చాళ్‌లో ఒక వదినె ఇంటి ముందు పద్మిని లేచింది. ఆమె భర్త పోయి ఆరేండ్లు. బండి కూడా అప్పటినుంచి గుడ్డ కిందనే. స్క్రాప్‌వాడు కిలోల లెక్కన ధర చెప్పి పోయాడు. పైగా 2022 ఏప్రిల్‌లో 15 ఏండ్లు దాటిన కారును మళ్లీ రాయించే ఫీజును 600 నుంచి 5,000కు పెంచారు. కొడుకు అమ్మేద్దాం అన్నాడు. వదినె మమ్మల్ని పిలిచి, "అందం నాకెందుకు, నడిచేటట్టు చేయండి. గుడికి, దవాఖానకు పోతే చాలు" అంది.

మళ్లీ పంచాయతీ. కార్బొరేటర్ అసలుదే పెట్టాలా, దొరికింది పెట్టాలా? మూడు ఆదివారాలు నోరు నొప్పి పుట్టేదాకా అరుచుకున్నాం. నాలుగో ఆదివారం అంబాసిడర్ అన్న సంచిలోంచి పద్మిని కార్బొరేటర్ తీశాడు, కంపెనీదే. "అగ్గిపెట్టెకు అగ్గి కావాలె కదా" అన్నాడు. ఎక్కడ తెచ్చాడో, ఎంత ఇచ్చాడో ఇప్పటికీ చెప్పలేదు. బ్రేకుల రబ్బర్లు బావ మార్చాడు. ట్యాంకు కడిగింది ఎజ్డీ తమ్ముడు, తుప్పు గీకింది నేను. కొడుకు వచ్చి ఫీజు కట్టాడు. రంగు మాత్రం పాతదే, గీతలతో సహా. ఇప్పుడు శుక్రవారం శుక్రవారం వదినె గుడికి పోతోంది.

మిల్లులో కూడా మనం ఇట్లనే ఉండేవాళ్లం. సాంచ చప్పుడు తేడాగా ఉంటే పక్కవాడు "ఏందిరా, నీ సాంచకు దగ్గు పట్టిందా?" అని నవ్వేవాడు. నవ్వుతూనే పానా పట్టుకొని వచ్చేవాడు. మనం తప్పు చూడకుండా పోనిస్తే తర్వాత నష్టపోయేది వాడేనని తెలిసి అనేవాళ్లం. ఎగతాళి చేయాలన్నా ఆ పని తెలిసుండాలి. పని తెలియనివాడు "బాగుంది" అని పోతాడు. స్క్రాప్‌వాడు ఎన్నడూ ఎగతాళి చేయడు, కాంటా మీద పెడతాడు, అంతే.

కాబట్టి మీ ఇంటి ముందు గుడ్డ కప్పిన బండి ఏదైనా ఉంటే, కాంటావాణ్ణి పిలిచే ముందు దాన్ని చూసి నవ్వేవాణ్ణి ఒకణ్ణి పిలవండి. ఒళ్లు మండించే మాటలు నాలుగు పడతాయి. పడనీయండి.

వచ్చే నెల కలుద్దాం.